రన్‌వేకి గేటు పడే ఊరు: జిబ్రాల్టర్ ఎయిర్‌పోర్ట్ చూసినవాళ్లు, తెలిసినవాళ్లు ఇటు రండి

గోదారిగట్టు (రెడింగ్) | ఆగస్టు 9, 2025, ఉదయం 8:14

అందరికీ నమస్కారం. అక్టోబర్లో నాలుగు రోజులు సెలవు దొరికింది. మా ఆవిడా నేనూ స్పెయిన్ దక్షిణ కొసనున్న చిన్న బ్రిటిష్ భూభాగం జిబ్రాల్టర్ పోదామనుకుంటున్నాం. తనకి కొండ మీద కోతుల్ని చూడాలని, నాకు రన్‌వే మీద నడవాలని. చిన్నప్పుడు మా ఊళ్లో రైల్వే గేటు పడితే సైకిలు పక్కకి వంచి కిందనుంచి దూరిపోయేవాళ్లం, గేట్‌మ్యాన్ తిడుతూనే ఉండేవాడు. అక్కడ ఊళ్లోకి పోయే రోడ్డు రన్‌వేని అడ్డంగా దాటుతుందట. విమానం కోసం గేటు పడటం మాత్రం ఎంత ఆలోచించినా నాకు బుర్రకెక్కట్లేదు. ఆఫీసులో ఒకాయన "అదంతా పాత మాట, సొరంగం తవ్వేశారు, ఇప్పుడెవర్నీ నడవనివ్వరు" అన్నాడు. నిజమేనా? నడవనివ్వకపోతే టికెట్ డబ్బులు దండగే కదా. ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే, ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది.

సైడువిండో (కూకట్‌పల్లి) | ఉదయం 8:52

నీ ఆఫీసాయన సగం కరెక్ట్ అన్నా. టన్నెల్ నిజమే. కింగ్స్‌వే అని పేరు, 2023 మార్చి 31న ఓపెన్ చేసిండ్రు, 350 మీటర్లు ఉంటది, రన్‌వే తూర్పు కొస కిందికెల్లి పోతది. కార్లు, బస్సులు, లారీలు అన్నీ అటే. కానీ నడిచేటోళ్లకు పాత దారి తీసెయ్యలే. విన్‌స్టన్ చర్చిల్ అవెన్యూ మీద రన్‌వేని అడ్డంగా దాటి ఊర్లకు పోవచ్చు. విమానం వచ్చే ముందట ఎర్రలైటు పడతది, గేట్లు మూస్తరు, పోలీసోళ్లు ఉంటరు. మధ్యల ఆగి సెల్ఫీలు దిగుడు మాత్రం పెట్టుకోకు, చేతిలకెల్లి కాగితం ముక్క జారినా ఇంజన్‌కు డేంజరే.

ఇంకో మాట. ఆ రన్‌వే పొడవు 1,777 మీటర్లే. మన శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260. అంటే సగం కూడా కాదు. పడమటి కొస సముద్రంలకు చొచ్చుకొని ఉంటది, తూర్పున బీచ్. పైలట్‌కు అటు ఇటు జరిగే జాగా లేదు. నాకైతే దిగుడే అసలు షో.

పకోడీ | ఉదయం 9:05

నాకర్థం కానిదొక్కటే. బుర్రున్నవాడెవడైనా రోడ్డు మధ్యలోంచి రన్‌వే వేస్తాడా? లేక రన్‌వే మధ్యలోంచి రోడ్డేశారా? ఏది ముందు?

చరిత్రపేజీ (గుంటూరు) | ఉదయం 10:31

పకోడీ గారూ, మ్యాప్ తెరిచి ఒక్కసారి చూడండి, వాళ్లకి వేరే గతి లేదని తెలుస్తుంది. మొత్తం భూభాగం 6.8 చదరపు కిలోమీటర్లు. అందులో నడుమ 426 మీటర్ల కొండ. దాని అంచున ఊరు, దాదాపు 34 వేల మంది జనం. సాపుగా ఉన్న నేలంటే ఉత్తరాన స్పెయిన్‌కి అతుక్కున్న ఇసుక మెడ ఒక్కటే. ఆ మెడ మీదుగా నిలువునా పోయేది స్పెయిన్ రోడ్డు. రన్‌వే పట్టాలంటే అదే మెడకి అడ్డంగా పట్టాలి. నిలువు గీతా అడ్డ గీతా కలవకుండా ఎలా ఉంటాయి చెప్పండి?

మొదట అది గుర్రప్పందాల మైదానం. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం దాన్ని పూర్తిస్థాయి విమానాశ్రయంగా మార్చింది. నేల చాలక సముద్రాన్ని పూడ్చారు. పూడ్చడానికి రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అదే సమయంలో కొండ లోపల సొరంగాలు తవ్వుతున్నారు, ఆ తవ్విన రాయే. అంటే మనవాళ్లు నడవబోయే రన్‌వే ఆ కొండ కడుపులోంచి వచ్చిందే. 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికా మీద దాడిని ఐసెన్‌హోవర్ నడిపించింది ఆ సొరంగాల్లో కూర్చునే. అప్పుడీ మైదానం నిండా రెక్కకి రెక్క తగిలేలా యుద్ధవిమానాలు నిలిపారు. మరుసటి ఏడు జులై 4న ఇక్కణ్ణుంచి లేచిన లిబరేటర్ విమానం క్షణాల్లో సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్నది పోలండ్ ప్రవాస ప్రభుత్వ ప్రధాని జనరల్ సికోర్‌స్కీ. పైలట్ ఒక్కడే బతికాడు. అది ప్రమాదమా కుట్రా అని పోలండ్‌లో ఇప్పటికీ వాదులాడుకుంటారు.

సీతమ్మధార (విశాఖ) | ఉదయం 11:20

ఇదంతా చదువుతుంటే మా విశాఖే గుర్తొస్తోంది. మా రన్‌వే కూడా నేవీది. ఐఎన్ఎస్ డేగా వాళ్ల ఇల్లు, పౌర విమానాలు అందులో అద్దెకున్నట్టే. ఇంటి ఓనరు వీలు చూసుకుని మనం నీళ్లు పట్టుకోవాలి. జిబ్రాల్టర్‌లో కూడా ఎయిర్‌ఫీల్డ్ బ్రిటిష్ రక్షణ శాఖదే, టెర్మినల్ మాత్రం స్థానిక ప్రభుత్వానిది. తేడా ఏమిటంటే మాకు భోగాపురం దగ్గర ఇంకో చోటు దొరికింది, అక్కడ కొత్తది కడుతున్నారు. వాళ్లకి భోగాపురం ఎక్కడుంది? ఇంకో అడుగేస్తే స్పెయిన్.

అత్తిలి_అమ్మాయి (మాంచెస్టర్) | మధ్యాహ్నం 1:47

నేను పోయిన ఏడాది మే నెలలో వెళ్లొచ్చాను, నడిచాను కూడా. గోదారిగట్టు అన్నయ్యా, మీరనుకునేంత సినిమా ఏం ఉండదు. అదే నాకు నచ్చింది.

సాయంత్రం నాలుగున్నర అవుతోంది. మేం దాటేలోపే గేటు మూసేశారు. నా పక్కన స్కూల్ యూనిఫామ్‌లో ఇద్దరు పిల్లలు, ఒకడు బాస్కెట్‌బాల్‌ని గేటుకేసి తడుతున్నాడు. వెనకాల కొందరు స్పానిష్ ఆడవాళ్లు, చేతుల్లో కూరగాయల సంచులు. ఒకావిడ చెప్పులు విప్పి కాళ్లు నొక్కుకుంటోంది. నేనొక్కదాన్నే ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నా. విమానం లేచింది. చప్పుడు ముందు అరికాళ్లలోంచి వచ్చింది, తర్వాత చెవుల్లోకి. కిరసనాయిలు స్టౌ ఆర్పినప్పటి వాసన ఒక్క నిమిషం. ఆ గుంపులో ఒక్కరూ తలెత్తి చూడలేదంటే నమ్ముతారా? గేటు తెరుచుకుంది, అందరూ కదిలారు. అచ్చం మా అత్తిలి గేటు దగ్గర రైలు పోయాక కదిలినట్టే.

నడవటానికి రెండు నిమిషాలు. మధ్యలో తెల్ల గీతలు మన కాళ్ల కిందకి వచ్చినప్పుడు ఎడమకి చూస్తే మధ్యధరా సముద్రం, కుడికి చూస్తే అఖాతం. నేను స్పెయిన్ వైపునుంచి ఊళ్లోకి నడిచాను కాబట్టి అలా, వచ్చేటప్పుడు తారుమారు. అవతల దిగాక ఓ పావుగంటలో మెయిన్ స్ట్రీట్. అక్కడ కెమెరాల కొట్లు, వాచీల కొట్లు సింధీలవి, తరాలుగా ఉన్నారు. హిందూ గుడి కూడా ఉంది. ఒక కొట్టాయన నాతో హిందీ మొదలుపెట్టి, స్పానిష్‌లో కుర్రాణ్ణి కేకేసి, ఇంగ్లిష్‌లో బేరమాడాడు. వాచీ కొనలేదులెండి.

పకోడీ | మధ్యాహ్నం 1:58

అమ్మాయి గారు కొనలేదట. నమ్మేశాం.

ఒంటిమిట్ట (లీడ్స్) | సాయంత్రం 6:33

ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా. గోదారిగట్టు గారూ, మీరు నడవటం సంగతి తర్వాత, ముందు విమానం అక్కడ దిగుతుందో లేదో చూసుకోండి. నా కథ వినండి.

2019 జనవరి. మా ప్లాన్ ఏమిటంటే లండన్‌నుంచి జిబ్రాల్టర్, రెండు రోజులు అక్కడ, తర్వాత నడుచుకుంటూ సరిహద్దు దాటి స్పెయిన్, బస్సులో సెవిల్లె, మళ్లీ జిబ్రాల్టర్‌నుంచి రిటర్న్. ఐఎల్ఆర్ ఉంది కాబట్టి జిబ్రాల్టర్‌కి ఇబ్బంది లేదు. స్పెయిన్‌కి షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) తీసుకున్నా, స్టిక్కర్ మీద ప్రవేశాల సంఖ్య 01. ఒక్కసారేగా వెళ్లేది, ఒకటి చాలనుకున్నా. ఆ 01 నా కొంప ముంచింది.

కొండ కనిపించింది. మా ఆవిడ "అదుగో" అంటూనే ఉంది, విమానం ఎడాపెడా ఊగడం మొదలైంది. చక్రాలు ఇంకాస్తయితే తాకుతాయనగా ఒక్కసారిగా ఇంజన్లు గట్టిగా అరిచి మళ్లీ పైకి లేచాం. ఇంకోసారి ప్రయత్నం కూడా చేయలేదు. "గాలి అనుకూలంగా లేదు, మలగా వెళ్తున్నాం" అన్నాడు పైలట్. మిగతావాళ్లు నిట్టూర్చి పుస్తకాలు తెరిచారు. వాళ్లకది మామూలేనట, మలగాలో దిగితే బస్సెక్కించి జిబ్రాల్టర్ చేరుస్తారట.

మలగా అంటే స్పెయిన్. అంటే షెంజెన్. పాస్‌పోర్ట్ కౌంటర్లో నా వీసా చూశాడు, దబ్బున ముద్ర కొట్టాడు. అప్పటికి నాకేమీ తట్టలేదు. మూడు గంటలు ఆగాక బస్సొచ్చింది. ఆ విమాన సంస్థ పేరు ఇక్కడెందుకులెండి, కౌంటర్లో ఉన్న పిల్ల చేతిలో ఓ కాగితం పెట్టి మాయమైంది, వీసాల గురించి అడిగేందుకు మనిషే లేడు. రాత్రి తొమ్మిదికి జిబ్రాల్టర్‌కి ఆనుకున్న స్పెయిన్ ఊరు లా లినియా దగ్గర సరిహద్దు. బస్సు దిగి వరసలో నిలబడ్డాం. స్పానిష్ ఆఫీసరు, మీసాలాయన, పాస్‌పోర్ట్ పేజీ తిప్పి ముద్ర ఎత్తి పట్టుకుని ఆగాడు. వేలితో ఆ 01 మీద రెండుసార్లు తట్టాడు. "ఇప్పుడు బయటికి పోతే మళ్లీ లోపలికి రాలేవు, తెలుసా?"

సెవిల్లె హోటల్ డబ్బులు కట్టేశాం, వెనక్కి రావు. జిబ్రాల్టర్ హోటల్ డబ్బులూ రావు. ఏ గట్టున పడ్డా నష్టమే. మా ఆవిడ కొండ వైపు చూసింది, దీపాల వెలుగులో అర కిలోమీటరు కూడా లేదు. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. వెనక్కి తిరిగాం. లా లినియాలో ఒక చిన్న లాడ్జిలో పడుకుని పొద్దున సెవిల్లె బస్సెక్కాం.

ఆఖరి రోజు రిటర్న్ ఫ్లైట్ జిబ్రాల్టర్‌నుంచే కదా. అప్పుడన్నా రన్‌వే మీద నడుద్దామనుకున్నా. సరిహద్దు దాటితే ఎదురుగా టెర్మినల్. గోడ పక్కన గోడ. రన్‌వేకి ఇవతలి వైపే ఉందది! అవతలికి పోయి రావడానికి టైము లేదు, బ్యాగులు లాక్కుని లోపలికెళ్లిపోయాం. అంటే నేను జిబ్రాల్టర్ వెళ్లాను, అక్కణ్ణుంచి విమానం ఎక్కాను, ఆ రన్‌వే మీద పరిగెత్తాను కూడా, కాకపోతే సీటు బెల్టు పెట్టుకుని.

పకోడీ | సాయంత్రం 6:41

అన్నా, నవ్వుతున్నందుకు క్షమించు. ఆ చూపు గురించి మాత్రం రాయాల్సిందే.

సైడువిండో | సాయంత్రం 7:15

ఒంటిమిట్ట అన్నా, ఆ పైలట్ మంచి పని చేసిండు. గాలి పడమటికెల్లో తూర్పుకెల్లో సీదా రన్‌వే మీదికి వస్తే పెద్ద తక్లీఫ్ లేదు. దక్షిణం, నైరుతికెల్లి వస్తేనే లొల్లి. ఎందుకంటే అటు కొండ ఉంది. గాలి కొండకు కొట్టుకొని సుడులు తిరుగుకుంట రన్‌వే మీద పడతది. రన్‌వే ఈ కొసన ఉన్న గాలిగొట్టం ఒక దిక్కు, ఆ కొసన ఉన్నది ఇంకో దిక్కు చూపిస్తయి ఒక్కోసారి. చలికాలంల ఇది ఎక్కువ. పెద్ద ఎయిర్‌పోర్టుల లెక్క ఐఎల్ఎస్ (రేడియో సిగ్నల్‌తోని రన్‌వేకు దారి చూపే ఏర్పాటు) పట్టుకొని దిగే సౌలత్ కూడా లేదు. కంట్రోలర్ రాడార్ చూసుకుంట "కొంచెం ఎడమకు, ఇంక కొంచెం" అని మాటల్తోని దించుడు అక్కడ పాత అలవాటు.

ఎండాకాలంల వేరే ముచ్చట. తూర్పు గాలిని అక్కడ లెవాంతర్ అంటరు. అది తేమ మోసుకొచ్చి కొండ ఎక్కుతది, ఎక్కినంక మబ్బై కొండ తలకాయకు తువ్వాల చుట్టినట్టు అట్లనే నిలబడతది. చుట్టూ ఎండ, ఊరి మీద నీడ. ఫొటోలు చూడుండ్రి, మస్తుగుంటది.

కాంక్రీటు_కృష్ణ (దుబాయ్) | రాత్రి 9:02

టన్నెల్ గురించి ఒక్కరూ అసలు సంగతి రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా కాంట్రాక్టుల వాళ్లకి జిబ్రాల్టర్ అంటే కోతులూ కాదు, కొండా కాదు. 2014లో లండన్ కోర్టు ఇచ్చిన తీర్పు. ట్రైనింగుల్లో దాన్ని చెప్పని గురువు ఉండడు.

పని ఒక స్పానిష్ కంపెనీకి దక్కింది, 2008 చివర్లో మొదలు, 24 నెలల్లో రోడ్డూ సొరంగమూ అప్పగించాలి. ఫిడిక్ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) వాళ్ల యెల్లో బుక్ నమూనా కాంట్రాక్టు, అంటే డిజైన్ కూడా కాంట్రాక్టరుదే. తవ్వుతుంటే సీసం లాంటివి కలిసిన చెడ్డ మట్టి బయటపడింది. "ఇంత ఉంటుందని మాకెలా తెలుస్తుంది? టైమివ్వండి, డబ్బివ్వండి" అన్నారు. రెండున్నరేళ్లు దాటేసరికి అయిన పని పావు వంతుకి కాస్త ఎక్కువ. 2011లో ప్రభుత్వం కాంట్రాక్టు రద్దు చేసింది. కోర్టులో జడ్జి అడిగింది సూటిగా: అది దశాబ్దాలుగా సైన్యం వాడిన నేల, అక్కడ మట్టి శుభ్రంగా ఉంటుందని అనుభవమున్న కాంట్రాక్టరు ఎలా అనుకుంటాడు? రిపోర్టులో రాసిన అంకె పట్టుకుని కూర్చోకుండా సొంత బుర్ర పెట్టి లెక్క వేసుకోవాలి గదా? ప్రభుత్వమే గెలిచింది. చివరికి జనం కార్లలో కిందనుంచి పోయింది 2023లో.

ఇక్కడ సైట్లో ఎవడైనా "సార్, ఇంత నీరొస్తుందనుకోలేదు" అంటే నేను "జిబ్రాల్టర్" అంటాను. అర్థమైపోతుంది.

సీతమ్మధార | రాత్రి 9:40

బాగా చెప్పావు బాబూ. నాదొక సందేహం. టెర్మినల్ సరిహద్దు గోడకి ఆనుకుని ఉందని ఒంటిమిట్ట గారు రాశారు. అంత చోటు లేని ఊళ్లో పోయి పోయి గోడ పక్కనే ఎందుకు కట్టారు?

చరిత్రపేజీ | ఆగస్టు 10, ఉదయం 7:26

మాస్టారూ, అసలు ముడి మీరే పట్టుకున్నారు. ఆ ఎయిర్‌పోర్ట్ కథంతా గాలి కథ కాదు, నేల కథ. 1713 ఉట్రెక్ట్ ఒప్పందంలో స్పెయిన్ బ్రిటన్‌కి రాసిచ్చింది ఊరు, కోట, రేవు, వాటి బురుజులు. ఈ ఇసుక మెడ అందులో లేదు, బ్రిటన్ తర్వాత మెల్లగా ఆక్రమించింది అని స్పెయిన్ వాదన. ఎప్పటినుంచో మా స్వాధీనంలో ఉంది అని బ్రిటన్ జవాబు. రన్‌వే సరిగ్గా ఆ మెడ మీదే ఉంది. మన ఊళ్లలో గట్టు తగాదా లాంటిదే, కాకపోతే గట్టు మీద విమానాలు దిగుతున్నాయి.

1969 జూన్‌లో స్పెయిన్ నియంత ఫ్రాంకో సరిహద్దు మూయించాడు. అమ్మమ్మ అటు, మనవరాలు ఇటు. పుట్టిన బిడ్డని కంచె దగ్గరికి తెచ్చి ఎత్తి చూపించేవాళ్లు, కబుర్లు కేకలేసి చెప్పుకునేవాళ్లు. ఎదురుగా కనిపించే ఊరికి వెళ్లాలంటే సముద్రం దాటి మొరాకోలో టాంజియర్ చుట్టూ తిరిగి రావాలి. నడిచేవాళ్లకి 1982 డిసెంబరులో, పూర్తిగా 1985 ఫిబ్రవరిలో తెరిచారు. ఆ పదహారేళ్లూ ఊపిరాడింది ఈ రన్‌వే వల్ల, రేవు వల్లే.

1987లో లండన్, మాడ్రిడ్ కలిసి ఎయిర్‌పోర్ట్‌ని ఉమ్మడిగా వాడుకుందామని రాసుకున్నాయి. జిబ్రాల్టర్ జనం ఒప్పుకోలేదు, అమలు కాలేదు. ఫలితంగా యూరప్ అంతా విమాన మార్గాలు తెరుచుకుంటున్నప్పుడు దీన్నొక్కదాన్ని పక్కన పెట్టేశారు. 2006 కోర్డోబా ఒప్పందంతో దారి దొరికింది. ఆ డిసెంబరులోనే మాడ్రిడ్‌నుంచి స్పెయిన్ సంస్థ ఐబీరియా విమానం వచ్చింది. స్పెయిన్ వెళ్లే ప్రయాణికులు నేరుగా అటు దిగిపోవాలని టెర్మినల్‌ని గోడకి ఆనించి కట్టాలనుకున్నారు. మీ ప్రశ్నకి జవాబు అదీ.

సైడువిండో | ఉదయం 8:10

మేడమ్, మిగతాది నేను చెప్త. ఐబీరియా 2008 సెప్టెంబర్ల బంద్ పెట్టింది. కొత్త టెర్మినల్ తెరిచింది 2011ల. అంటే ఎవరి కోసం గోడ పక్కన కట్టిండ్రో ఆ విమానాలు అప్పటికే లెవ్వు. ఇప్పటికీ రోజూ వచ్చేటివి ఇంగ్లాండ్‌కెల్లి వచ్చే బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఈజీజెట్‌లే.

పకోడీ | ఉదయం 8:13

పెళ్లి చెడిపోయాక పందిరేశారన్నమాట.

కాంక్రీటు_కృష్ణ | ఉదయం 8:30

పందిరి దండగేం కాలేదు. ఒంటిమిట్ట గారి లాంటి వాళ్లు స్పెయిన్‌నుంచి నడిచొచ్చి లండన్ విమానం ఎక్కుతున్నారుగా. స్పెయిన్ కోస్తా పొడుగునా ఇళ్లు కొనుక్కున్న బ్రిటిష్ ముసలాళ్లకి అదే దగ్గర. నా లెక్కలో అది స్పెయిన్ నేల మీద వాలే ఎయిర్‌పోర్ట్ కాదుగానీ, స్పెయిన్‌కి పోయివచ్చేవాళ్లు చాలామంది వాడే ఎయిర్‌పోర్ట్.

సీతమ్మధార | ఉదయం 9:05

నా మట్టుకు నాకు స్పెయిన్ వాదనే న్యాయంగా కనిపిస్తోంది. కాగితంలో లేని నేల నాది ఎలా అవుతుంది?

అత్తిలి_అమ్మాయి | ఉదయం 9:22

మాస్టారూ, కాగితంలో లేని మనుషుల సంగతి? 2002లో ఉమ్మడి సార్వభౌమత్వం వద్దని వాళ్లు ఓటేశారు, ఒప్పుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆ మెడ మీద ఇళ్లున్నాయి, స్టేడియం ఉంది, శ్మశానం ఉంది.

నిర్వాహకుడు | ఉదయం 9:30

నేల ఎవరిదనే చర్చకి వేరే థ్రెడ్ తెరిచాను. దయచేసి అటు వెళ్లి కొట్టుకోండి. ఇక్కడ ప్రయాణం మాత్రమే.

గోదారిగట్టు | ఉదయం 11:48

అమ్మో, నేనడిగింది గేటు గురించి, మీరు 1713 దాకా తీసుకెళ్లారు. చాలా సంతోషం. ఒంటిమిట్ట గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను, వెంటనే "మన వీసా ఏది?" అంది. మాకు షెంజెన్ లేదు. తీసుకోవాలా?

ఒంటిమిట్ట | మధ్యాహ్నం 12:15

నా మాట వింటే తీసుకోండి. అదీ మల్టిపుల్ ఎంట్రీ అడిగి మరీ. విమానం మలగాకి మళ్లితే చేతిలో వీసా లేని ఇండియన్ పాస్‌పోర్ట్‌తో అక్కడ నిలబడటం నాకు పగవాడికి కూడా వద్దు. ప్లాన్‌లో స్పెయిన్ లేకపోయినా సరే.

సైడువిండో | మధ్యాహ్నం 12:40

ఇంకో కారణం కూడా ఉంది. 2025 జూన్ 11న బ్రిటన్‌కు, యూరోపియన్ యూనియన్‌కు (ఈయూ) రాజకీయ ఒప్పందం కుదిరింది. రోజూ 15 వేల మంది పనికోసం దాటే ఆ సరిహద్దు కంచె తీసేస్తరు, తనిఖీలు ఎయిర్‌పోర్ట్‌కు, రేవుకు జరుపుతరు. ముందు జిబ్రాల్టర్ ఆఫీసర్, ఆయన్ని దాటినంక స్పానిష్ ఆఫీసర్. లండన్ సెయింట్ పాంక్రస్‌ల యూరోస్టార్ ఎక్కేముందు ఫ్రెంచోళ్లు చూస్తరు గదా, అదే పద్ధతి. ఈయూ ఊర్లకు విమానాలు నడిపే దారి కూడా తెరుస్తరంట. ఈ 2025 ఆగస్టు దాకైతే అమల్లకు రాలే. వచ్చిందంటే మాత్రం ఆ ఎయిర్‌పోర్ట్‌ల దిగుడంటే షెంజెన్‌ల దిగుడే, వీసా లేకుంటే కోతులు కూడా దొరకవు. టికెట్ కొనే ముందట జిబ్రాల్టర్ ప్రభుత్వం సైట్ ఒకసారి చూసుకోన్రి.

పకోడీ | మధ్యాహ్నం 12:44

అయితే ఆ గోడ పక్క పందిరికి మళ్లీ పెళ్లికొడుకు దొరికినట్టే.

గోదారిగట్టు | మధ్యాహ్నం 1:30

సరే, వీసాకి అప్లై చేస్తున్నాం. ఆఖరి ప్రశ్న. కొండ బాగా కనిపించాలంటే కిటికీ సీటు ఏ వైపు తీసుకోవాలి?

సైడువిండో | మధ్యాహ్నం 1:52

గాలిని అడగాలె అన్నా. విమానం గాలికి ఎదురుగనే దిగుతది. పడమటి గాలైతే మధ్యధరా మీదికెల్లి సీదా వచ్చి దిగుతరు, అప్పుడు కొండ నీ ఎడమకు. తూర్పు గాలైతే కొండ దక్షిణం కొసను చుట్టుకొని అఖాతంలకు వచ్చి, ఆడ గట్టిగ కుడికి మలిపి దిగుతరు. అప్పుడు మొత్తం దారి పొడుగునా కొండ కుడి దిక్కే. నాకు రెండోదే ఇష్టం. కానీ ఆ రోజు గాలి ఎటో రెండు నెలల ముందట చెప్పేటోడు ఎవడు?

గోదారిగట్టు | మధ్యాహ్నం 2:20

ఒకే వరసలో 14ఏ తనకి, 14ఎఫ్ నాకు తీసుకున్నా. గాలి ఎటున్నా ఇంట్లో ఒకరికి కనిపిస్తుంది. మధ్యలో కూర్చునే నలుగురికీ ముందుగానే క్షమాపణలు, మేం వాళ్ల మీదుగా అరుచుకుంటాం.